రోడ్డు పక్కన 'రోషాంబో సైన్యం ఇక్కడ విడిది చేసింది' అని పలక ఉంది, ఆగి చూడదగ్గదేనా?

తప్పకుండా ఆగండి. కానీ ఒక్క పలక చదివి వెళ్లిపోతే ఏమీ తెలియదు. వరసగా మూడు నాలుగు చూడండి. మేం అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రంలో, హార్ట్‌ఫర్డ్ దగ్గరే ఉంటాం. బోల్టన్, ఈస్ట్ హార్ట్‌ఫర్డ్, ఫార్మింగ్టన్, సౌతింగ్టన్ మకాములను పిల్లలతో కలిసి ఆ వరసలోనే చూశాం.

సంగతి ఇదీ. అమెరికా బ్రిటన్‌తో స్వాతంత్ర్యం కోసం పోరాడుతున్న రోజులవి, ఫ్రాన్స్ అమెరికాకు తోడుగా ఉంది. 1781 జూన్‌లో ఫ్రెంచి సేనాని రోషాంబో రోడ్ ఐలాండ్ నుంచి బయల్దేరి, కనెక్టికట్ మీదుగా నడిచి, న్యూయార్క్ దగ్గర అమెరికా సేనాని వాషింగ్టన్‌ను కలిశాడు. తర్వాత ఇద్దరూ వర్జీనియాలోని యార్క్‌టౌన్ దాకా వెళ్లి, అక్టోబరు 19న బ్రిటిష్ సేనాని కార్న్‌వాలిస్ సేనను లొంగదీశారు. 2009లో ఈ దారిని జాతీయ చారిత్రక మార్గంగా ప్రకటించారు.

మకాముకూ మకాముకూ మధ్య సుమారు 12, 13 మైళ్లు. కారులో అరగంట కూడా పట్టని ఆ దూరం వాళ్లకు ఒక రోజు నడక. ఎండ ముదరకముందే చేరాలని చీకటితోనే లేచేవారు. నాలుగు రెజిమెంట్లు ఒక్కో రోజు తేడాతో నడిచాయి. అంత మందికి రొట్టె, మాంసం, పశువులకు గడ్డి ముందే సిద్ధం చేయాలి కదా! నాకు యుద్ధం కంటే ఈ ఏర్పాట్లే గొప్పగా అనిపిస్తాయి. అప్పటికి అమెరికా కాగితం డబ్బుకు విలువ పోయింది. ఫ్రెంచివాళ్లు వెండి నాణేలు ఇచ్చేవారు కాబట్టి రైతులు సంతోషంగా అమ్మేవారు. ఈస్ట్ హార్ట్‌ఫర్డ్‌లోని సిల్వర్ లేన్‌కు ఆ పేరు అలాగే వచ్చిందని స్థానికులు చెబుతారు.

మన పిల్లలకు ఇంకో మాట కూడా చెప్పండి. యార్క్‌టౌన్‌లో ఓడిన ఆ కార్న్‌వాలిసే 1786లో గవర్నర్ జనరల్‌గా ఇండియాకు వచ్చాడు. 1793లో బెంగాల్‌లో అతను పెట్టిన శాశ్వత శిస్తు పద్ధతినే (జమీందార్లు కట్టాల్సిన శిస్తును శాశ్వతంగా ఖాయం చేయడం) 1802 నుంచి మన ఉత్తర సర్కారు జిల్లాల్లోనూ తెచ్చారు. కోస్తా జమీందారీల చరిత్ర తెలిసినవాళ్లు ఈ పలక ముందు ఇంకాసేపు నిలబడతారు.

కొన్ని పలకలు మలుపుల దగ్గర ఉంటాయి. కారు రోడ్డు వారగా ఆపకండి, పక్క వీధిలో పెట్టి నడిచి రండి. పలక వెనక ఉన్న స్థలం ఎవరిదో సొంతం కావచ్చు, అడగకుండా లోపలికి వెళ్లొద్దు. మొదటిసారైతే బోల్టన్ నుంచి మొదలుపెట్టి పడమటికి రండి, సైన్యం నడిచిన వరస అదే.