న్యాయవిద్య – పాఠకుల ప్రశ్నలు: లాసెట్ ప్రశ్నపత్రంలో సగం మార్కులు ఎక్కడున్నాయి?

ప్రశ్న: నల్గొండ జిల్లాలో ఒక సహకార సంఘంలో గుమాస్తాగా పనిచేస్తున్నాను. తెలుగు మాధ్యమంలో బీకాం పూర్తిచేశాను. మూడేళ్ల ఎల్ఎల్‌బీ కోసం లాసెట్ (రాష్ట్రంలోని న్యాయ కళాశాలల ప్రవేశ పరీక్ష) రాయదలచుకున్నాను. న్యాయశాస్త్రం ఒక్క పేజీ కూడా చదవలేదు. పరీక్ష తీరు వివరించగలరు. మిత్రుడొకరు ఇచ్చిన పాత బిట్ బ్యాంకులో ఐపీసీ సెక్షన్లే ఎక్కువగా ఉన్నాయి. అవన్నీ కంఠస్థం చేయవలసిందేనా?

సమాధానం: అవసరం లేదు. పైగా పాత పుస్తకమైతే నష్టం కూడా. 1860 నాటి భారతీయ శిక్షాస్మృతి (ఐపీసీ) స్థానంలో 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత అమలులోకి వచ్చింది. హత్యకు శిక్ష అనగానే అందరి నోటా పలికే 302, మోసానికి మారుపేరుగా స్థిరపడిన 420 ఇప్పుడు వరుసగా 103, 318 సెక్షన్లలో ఉన్నాయి. క్రిమినల్ ప్రొసీజర్ కోడ్, సాక్ష్య చట్టం కూడా అదే రోజున మారాయి. కాబట్టి మీ దగ్గరున్న పుస్తకం ఎప్పుడు అచ్చయిందో ముందుగా చూడండి.

ఇక పరీక్ష తీరు. కంప్యూటర్‌పై రాసే ఈ పరీక్షలో 90 నిమిషాల వ్యవధిలో 120 ప్రశ్నలకు జవాబులు గుర్తించాలి. ప్రశ్నకు ఒక మార్కు. పార్ట్ ఎ లో జనరల్ నాలెడ్జ్, మెంటల్ ఎబిలిటీకి 30 ప్రశ్నలు, పార్ట్ బి లో వర్తమాన వ్యవహారాలకు 30 ప్రశ్నలు, పార్ట్ సి లో న్యాయవిద్యా అభిరుచికి 60 ప్రశ్నలు ఉంటాయి. మూడేళ్ల కోర్సుకూ ఐదేళ్ల కోర్సుకూ ఈ విభజన ఒక్కటే అయినా, ప్రశ్నల స్థాయిని మొదటిదానికి డిగ్రీని, రెండోదానికి ఇంటర్మీడియట్‌ను దృష్టిలో పెట్టుకుని నిర్ణయిస్తారు. ప్రశ్నలు ఇంగ్లిషులోనూ తెలుగులోనూ కనిపిస్తాయి కనుక మీ మాధ్యమం అడ్డు కాదు. అయితే రెండు పాఠాల మధ్య తేడా వచ్చినప్పుడు ఇంగ్లిషు పాఠాన్నే ప్రామాణికంగా తీసుకుంటారు. తెలుగు అనువాదం తికమకగా అనిపించిన చోట పక్కనున్న ఇంగ్లిషు వాక్యాన్ని కూడా చూడడం మంచిది.

మొత్తం మార్కుల్లో సగం పార్ట్ సి లోనే ఉన్నాయి. చాలామంది అభ్యర్థులు మాత్రం తమ సమయంలో ఎక్కువ భాగాన్ని నదులు, రాజధానులు, పురస్కారాల జాబితాలకే ఖర్చు చేస్తారు. అది తెలిసిన దారి కావడమే అందుకు కారణమని నా అభిప్రాయం. పార్ట్ సి లో రెండు రకాల ప్రశ్నలు కలిసి ఉంటాయి. మొదటి రకం రాజ్యాంగానికి, చట్టానికి సంబంధించిన ప్రాథమిక అవగాహనను పరీక్షిస్తుంది. ప్రాథమిక హక్కుల అమలు కోసం నేరుగా సుప్రీంకోర్టుకు వెళ్లే హక్కు ఏ అధికరణంలో ఉంది (32), హైకోర్టులకు రిట్ అధికారం, అంటే హక్కుల రక్షణ వంటి వాటికి ఆదేశాలు జారీచేసే అధికారం, ఏ అధికరణం ఇస్తుంది (226), ఆస్తిహక్కును ప్రాథమిక హక్కుల నుంచి తొలగించిన సవరణ ఏది (1978 నాటి 44వ సవరణ), రాజ్యాంగ మౌలిక స్వరూపాన్ని పార్లమెంటు సవరణతో మార్చజాలదన్న సిద్ధాంతాన్ని సుప్రీంకోర్టు ఏ తీర్పులో చెప్పింది (1973 నాటి కేశవానంద భారతి కేసు) వంటివి ఈ కోవలోకి వస్తాయి. వీటికి బిట్ల పుస్తకం కన్నా రాజ్యాంగ మూలపాఠంలోని మూడో భాగాన్ని (ప్రాథమిక హక్కులు), నాలుగో భాగాన్ని (ఆదేశిక సూత్రాలు) నిదానంగా చదువుకోవడం మేలు. అధికరణం దేని గురించి వచ్చిందో తెలిస్తే దాని సంఖ్య దానంతటదే గుర్తుంటుంది.

రెండో రకం ప్రశ్నలకు ముందస్తు చదువుతో పని లేదు గానీ, తెలివైనవారు కూడా తడబడేది ఇక్కడే. ఒక న్యాయసూత్రాన్ని, కొన్ని వాస్తవాలను ఇచ్చి, ఆ సూత్రాన్ని ఆ వాస్తవాలకు అన్వయించమంటారు. ఉదాహరణకు, ‘అపాయం ఉన్నదని తెలిసి, స్వచ్ఛందంగా అందుకు సమ్మతించిన వ్యక్తి దానివల్ల కలిగిన నష్టానికి పరిహారం కోరజాలడు’ అన్నది సూత్రం అనుకుందాం. కబడ్డీ పోటీలో నియమాల ప్రకారమే పట్టినప్పుడు ఒక ఆటగాడి చేయి విరిగింది. పేదవాడు, ఇంటికి అతని సంపాదనే ఆధారం అని కూడా ప్రశ్నలో రాస్తారు. పరిహారం ఇప్పించాలని మనసుకు తోచినా, సూత్రం ప్రకారం జవాబు ‘రాదు’ అన్నదే, ఎందుకంటే అతని పేదరికానికి ఇచ్చిన సూత్రంలో చోటు లేదు. అదే ప్రశ్నలో, ఆట ముగిశాక ప్రత్యర్థి కోపంతో కొట్టడం వల్ల చేయి విరిగిందని ఉంటే జవాబు తిరగబడుతుంది. అతను సమ్మతించింది ఆటలోని అపాయానికే తప్ప ఆ తర్వాతి దెబ్బలకు కాదు. సూత్రంలో లేని దయను, కోపాన్ని, బయటి పరిజ్ఞానాన్ని పక్కన పెట్టి, అందులోని ప్రతి మాటనూ వాస్తవాలతో సరిచూడడమే ఇక్కడి పని. రోజుకు పది ప్రశ్నలు ఈ పద్ధతిలో సాధన చేస్తే చాలు.

సమయం లెక్క చూస్తే ప్రశ్నకు 45 సెకన్లు వస్తాయి. జనరల్ నాలెడ్జ్, వర్తమాన వ్యవహారాల ప్రశ్నలు తెలిస్తే పది సెకన్లలో అయిపోతాయి, తెలియకపోతే ఎంతసేపు కూర్చున్నా తేలవు. అక్కడ మిగిల్చుకున్న సమయాన్ని సూత్రాల ప్రశ్నలకు, మెంటల్ ఎబిలిటీకి మళ్లించండి.

ప్రశ్న: మా అమ్మాయి విశాఖపట్నంలో ఇంటర్మీడియట్ రెండో సంవత్సరం చదువుతోంది. లాసెట్‌కు చదివితే జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాల ప్రవేశ పరీక్ష అయిన క్లాట్‌కు కూడా సరిపోతుందని కొందరు అంటున్నారు. నిజమేనా?

సమాధానం: రెండింటిలోనూ 120 ప్రశ్నలు ఉండడం వల్ల ఆ అభిప్రాయం కలుగుతుంది గానీ, స్వభావంలో అవి వేర్వేరు పరీక్షలు. క్లాట్‌ను జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాల కన్సార్షియం (కూటమి) నిర్వహిస్తుంది. హైదరాబాద్‌లోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం, మీ ఊరి దగ్గరి దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం సీట్లు దీని ద్వారానే భర్తీ అవుతాయి. ఉస్మానియా, కాకతీయ, ఆంధ్ర, ఆచార్య నాగార్జున వంటి విశ్వవిద్యాలయాల పరిధిలోని కళాశాలలకు ఆయా రాష్ట్రాల లాసెట్ కావాలి.

క్లాట్ ఇంగ్లిషులో మాత్రమే, కాగితంపై, రెండు గంటలు జరుగుతుంది. ఒక మార్కు ప్రశ్నకు తప్పు జవాబిస్తే పావు మార్కు కోస్తారు. 2020 నుంచి ఈ పరీక్ష పూర్తిగా పఠనంపై ఆధారపడింది. దాదాపు 450 పదాల గద్యభాగం ఇచ్చి దాని కింద కొన్ని ప్రశ్నలు అడుగుతారు; వర్తమాన వ్యవహారాలు, న్యాయ తర్కం కూడా ఈ తీరులోనే వస్తాయి. ఆ రెండు విభాగాలకు సుమారు నాలుగో వంతు చొప్పున, ఇంగ్లిషుకూ తార్కిక విశ్లేషణకూ ఐదో వంతు చొప్పున, పదో తరగతి స్థాయి గణితానికి పదో వంతు ప్రశ్నలు కేటాయిస్తారు. ప్రశ్నకు ఒక నిమిషం అన్న లెక్కలోనే గద్యం చదివే సమయం కూడా ఇమిడి ఉంది కనుక, వేగంగా చదివి అర్థం చేసుకునే అలవాటు లేనివారికి పత్రం పూర్తికాదు. మీ అమ్మాయి క్లాట్‌కు సిద్ధమైతే లాసెట్‌లో కొంత భాగం తేలికవుతుంది, రాజ్యాంగపు బిట్లు అదనంగా చూసుకుంటే సరిపోతుంది. లాసెట్ చదువుతో క్లాట్ రాయడం మాత్రం కష్టం. కొన్నేళ్లుగా క్లాట్ డిసెంబరులోనే జరుగుతోంది కాబట్టి సన్నాహం ఇంటర్ మొదటి సంవత్సరంలోనే మొదలుపెట్టి ఉంటే బాగుండేది. ఇప్పుడైనా రోజూ ఒక ఇంగ్లిషు దినపత్రిక సంపాదకీయం చదివించండి.

ప్రశ్న: లాసెట్‌లో తెలియని ప్రశ్నలను వదిలేయాలా? ఇద్దరికి ఒకే మార్కులు వస్తే ర్యాంకు ఎలా ఇస్తారు?

సమాధానం: తప్పు జవాబుకు మార్కులు కోయరు కనుక ఒక్క ప్రశ్న కూడా వదలనవసరం లేదు. అర్హతకు 35 శాతం, అంటే 42 మార్కులు రావాలి. ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు ఈ కనీస నిబంధన లేదు. అయితే అర్హత వేరు, కోరుకున్న కళాశాలలో సీటు వేరు. సీటును నిర్ణయించేది ర్యాంకు. సమానంగా మార్కులు వచ్చినప్పుడు ముందుగా పార్ట్ సి మార్కులు, అవీ సమానమైతే పార్ట్ బి మార్కులు చూస్తారు. అప్పటికీ తేలకపోతే వయసులో పెద్దవారికి ప్రాధాన్యం ఇస్తారు.