ప్రమాదం చూసిన పిల్ల రోజుకోలా చెబుతుంటే దాస్తున్నట్టా?

లేదండీ, దాయడం లేదు. మీ అక్కగారి అమ్మాయికి పదిహేనేళ్లనీ, బస్సు ప్రమాదంలోంచి బయటపడిందనీ, అడిగినప్పుడల్లా ఒక్కోలా చెబుతోందనీ రాశారు. ఆ వయసులో నేనూ అలాగే చెప్పాను.

మాది కోనసీమ. 1996 నవంబరు 6 రాత్రి తుఫాను కాకినాడకి దక్షిణంగా తీరం దాటినప్పుడు నేను తొమ్మిదో తరగతి. దీపావళి ఇంక నాలుగు రోజులుంది. గేదె పలుపు విప్పుదామని పాక దగ్గరికెళ్లిన మా బాబాయి మీద కొబ్బరిచెట్టు పడింది. బ్యాటరీలైటు పట్టుకున్నది నేనే. పెంకులు ఒక్కొక్కటే లేచిపోతున్న చప్పుడు, విరిగిన మొవ్వు పచ్చివాసన, బురదలో కూరుకుపోయిన నా ఎడమకాలి చెప్పు... ఇవి ఇప్పుడడిగినా చెబుతాను. చెట్టు ముందు పడిందా, లైటు ముందు ఆరిపోయిందా, నేను కేకేశానా, బాబాయిని ఎవరు మోసుకొచ్చారు? తెలీదు.

నష్టపరిహారం రాసుకోడానికి ఒకాయన వచ్చి మా అరుగు మీద కూర్చున్నాడు. చెట్టు ఎన్నింటికి పడిందని అడిగితే ఏదో చెప్పాను. మళ్లీ అడిగితే ఇంకోటి చెప్పాను. "ఏరా, ఇందాక ఒకలా, ఇప్పుడొకలానా? ఎవరు నేర్పారు నీకు?" అన్నాడు. "ఆడికేం తెలుసండీ బాబూ, బెదిరిపోయి ఉన్నాడండీ" అని అమ్మ బతిమాలుతుంటే పెన్ను మూత పెట్టేశాడు. ఆ తర్వాత చాలా ఏళ్లు ఆ రాత్రి ఊసు నేనెవరి దగ్గరా ఎత్తలేదు.

నాకైతే భయపడ్డ ఆ కాస్సేపటి కంటే దాని చుట్టూ ఉన్న మామూలు రోజులే ఎక్కువ పోయాయి. ఈ సంగతి ఎవరూ చెప్పరు. కాలవలో నాకు ఈత నేర్పింది బాబాయే. నేర్పాడని తెలుసు, "రోజూ తీసుకెళ్లేవాడు" అని చెప్పగలను, కానీ ఫలానా సాయంత్రం అంటూ ఒక్కటీ కళ్ల ముందుకు రాదు. మార్క్ విలియమ్స్ అనే మనస్తత్వవేత్త 1986లో ఇంకొకాయనతో కలిసి ఇలాంటిదే బయటపెట్టాడు. ఆత్మహత్యకి ప్రయత్నించి బతికినవాళ్లకి ఒక్కో పదం చెప్పి, దానికి తగ్గ ఒక సంఘటన చెప్పమంటే, వాళ్లు ఒక రోజంటూ చెప్పలేక "ఎప్పుడూ అలా జరిగేది" అని మొత్తంగా చెప్పేవారట. దెబ్బతిన్న పిల్లల్లో కొందరి మనసూ ఇలాగే ఉండొచ్చు. ఆ ఒక్క రోజు ఎదురుపడుతుందన్న భయంతో పక్క రోజుల తలుపులు కూడా మూసేస్తుందని ఒక ఊహ. నా విషయంలో అదే జరిగిందనిపిస్తుంది.

"చిన్నపిల్లలు, ఇట్టే మర్చిపోతారు" అనేవాళ్లని చూస్తే ఒళ్లు మండుతుంది. అంబులెన్సు ఇంకా కదలకుండానే పిల్లల నోటి దగ్గర మైకు పెట్టే టీవీవాళ్లని చూస్తే ఇంకా మండుతుంది. పరామర్శకని వచ్చి, కాఫీ తాగుతూ "అసలేం జరిగిందమ్మా?" అని మొదటినుంచీ చెప్పించుకునే చుట్టాలూ తక్కువవాళ్లు కారు. సాక్ష్యం కోసం పిల్లల్ని మాటిమాటికీ కోర్టుకి పిలవకూడదని పిల్లల మీద లైంగిక నేరాల కోసం తెచ్చిన 2012 నాటి పోక్సో చట్టంలోనే ఉంది. ఆపాటి దయ ఇంట్లోవాళ్లకి ఉండొద్దా?

మీరు ప్రమాదం గురించి అడగడం మానెయ్యండి. తనంతట తను చెబితే వినండి, తప్పులు దిద్దకండి. ప్రమాదానికి ముందు రోజుల సంగతులే మాట్లాడండి: ఏ పెళ్లికెళ్లారు, ఎవరి పక్కన కూర్చుంది, ఏం తింది. తనకి గుర్తు రాకపోతే మీరే చెప్పండి, ఫోన్లో ఫోటోలుంటే చూపించండి. నెల దాటినా రాత్రుళ్లు ఉలిక్కిపడి లేస్తుంటే మాత్రం ఆలస్యం చెయ్యకుండా సైకియాట్రిస్టుకి చూపించండి. దగ్గర్లో ఎవరూ లేకపోతే మానసిక సమస్యల కోసం ప్రభుత్వం నడిపే టెలిమానస్ 14416కి ఫోన్ చెయ్యండి. డబ్బులక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు.