అక్వేరియంలో నత్తలు వందల్లో పెరిగితే మందు పోయవచ్చా?

మీది రెండడుగుల తొట్టి అనీ, అందులో గప్పీ చేపలు, నాలుగు మోలీ చేపలు, కొంత వాలిస్‌నేరియా అనే నీటి మొక్క ఉన్నాయనీ, మూడు నెలల క్రితం ఒక మొక్కల కట్ట తెచ్చి నాటిన తరువాత ఇప్పుడు ఉదయం లేచి చూస్తే అద్దమంతా చిన్న చిన్న నత్తలే కనిపిస్తున్నాయనీ రాశారు. నత్తల మందు పోస్తే ఒక్క రోజులో పోతాయని దుకాణంలో చెప్పారట, పోయవచ్చా అని అడిగారు. దయచేసి పోయకండి. ఎందుకు వద్దంటున్నానో నాకు జరిగిన దానితోనే చెప్తాను.

2017 వేసవిలో విజయవాడలో మా ఇంట్లో మీ తొట్టి వంటిదే, సుమారు 70 లీటర్లది ఉండేది. నత్తలు విపరీతంగా పెరిగాయని నేనూ దుకాణంలో అడిగి ఒక నీలిరంగు మందు తెచ్చాను. అందులో ఉన్నది రాగి, అంటే తోటల్లో తెగుళ్ళకు వాడే మైలుతుత్తం వంటిదే. సీసా మీద రాసిన మోతాదు దాటకుండానే పోశాను. మరునాటి సాయంత్రానికి అద్దం మీద ఒక్క నత్త కూడా లేదు. మూడో రోజు ఉదయానికి నీళ్ళు బియ్యం కడిగిన నీళ్ళలా తెల్లబడ్డాయి, మూత ఎత్తితే కుళ్ళు వాసన వచ్చింది, గప్పీలన్నీ నీటి పైకి చేరి నోళ్ళు తెరిచి గాలి కోసం కొట్టుకుంటున్నాయి. మందు నత్తలను చంపింది గాని తొట్టిలోంచి తీసివేయలేదు కదా! వందలాది కళేబరాలు గులకరాళ్ళ సందుల్లో కుళ్ళి అమ్మోనియా పెరిగింది, ఆ కుళ్ళును తినే సూక్ష్మజీవులు నీటిలోని ప్రాణవాయువును లాగేసుకున్నాయి, పైగా వేసవిలో వేడెక్కిన నీటిలో ప్రాణవాయువు మామూలుగానే తక్కువగా ఉంటుంది. ఆ రోజు రెండుసార్లు, మరునాడు ఇంకొకసారి నీళ్ళు మార్చినా పద్నాలుగు గప్పీలలో ఆరు చనిపోయాయి. ఆ ఆరింటినీ చేతితో బయటికి తీసినది నేనే కాబట్టి ఈ విషయంలో ఇంత గట్టిగా చెప్తున్నాను.

ఇంత జరిగినా నత్తల బెడద పోలేదు. ఇసుకలోకి దూరి గుల్ల మూత బిగించుకున్న పొడవాటి నత్తలు కొన్ని బతికి, నెల తిరిగేసరికి పిల్లలతో పైకి వచ్చాయి. రాగి రొయ్యలకు నత్తలకంటే తక్కువ ప్రమాదకరమేమీ కాదు. అది ఇసుకలో, రాళ్ళలో కొంత నిలిచిపోతుంది కూడా. ముందు ముందు చెర్రీ రొయ్యలు వేసుకోవాలని నాకు ఆశ ఉండేది, అందుకోసం ఆ ఇసుకంతా తీసేసి కొత్తది వేసుకోవలసి వచ్చింది.

ముందుగా మీ తొట్టిలో ఉన్నవి ఏ రకమో చూడండి, ఎందుకంటే పట్టే పద్ధతి దానిని బట్టి మారుతుంది. గోధుమరంగులో, కందిగింజంత ఉండి, కొస పైకీ నోరు మీ వైపుకీ ఉండేలా పట్టుకున్నప్పుడు నోరు ఎడమ పక్కన తెరుచుకుంటే అది బ్లాడర్ నత్త. పొట్టేలు కొమ్ములా ఒకే చదునులో చుట్టుకొని ఉంటే రామ్స్‌హార్న్. ఈ రెండూ ద్విలింగ జీవులు, ఒంటరిగా ఉన్న నత్త కూడా తనంతట తానే గుడ్లు పెట్టగలదు. వాలిస్‌నేరియా ఆకు అడుగున బొటనవేలితో రాసి చూడండి, జిగురుగా, మెత్తగా తగిలే పారదర్శకమైన ముద్దలో సూదిమొనంత చుక్కలు వరుసగా కనిపిస్తాయి, అవే గుడ్లు. మన వేడి నీళ్ళలో అవి వారం, పది రోజుల్లో పిల్లలవుతాయి, ఆ పిల్లలు నెలా నెలన్నరలో మళ్ళీ గుడ్లకు వస్తాయి. బూరలా సన్నగా, పొడవుగా ఉన్నది ట్రంపెట్ నత్త. అది గుడ్లు పెట్టదు, నేరుగా పిల్లలనే కంటుంది, దానికి మగ నత్తతో పనిలేదు, పగలంతా ఇసుకలో దాక్కుని రాత్రి బయటికి వస్తుంది. దీపాలార్పిన గంట తరువాత టార్చి వేసి చూస్తే ఇసుక అక్కడక్కడ మెల్లగా కదులుతూ కనిపిస్తుంది.

ఇక అసలు కారణం దగ్గరికి వస్తాను. ఒక్క నత్త మొక్కతో రావచ్చు, కానీ అది వందలు కావడానికి కావలసిన తిండి మన చేతి నుంచే పడుతుంది. చేపలు తినగా అడుగుకు జారిన మేత, కుళ్ళిన ఆకులు, నాచు, ఇవే వాటి ఆహారం. మా ఇంట్లో ఏం జరిగిందంటే, ఉదయం నేను మేత వేసి ఆఫీసుకు వెళ్ళేవాడిని, పదకొండింటికి మా నాన్నగారు తొట్టి దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంటే చేపలు అద్దం దగ్గరికి వచ్చి తోకలాడించేవి, పాపం ఆకలి మీద ఉన్నాయని ఆయన చిటికెడు వేసేవారు, సాయంత్రం బడి నుంచి వచ్చి మా పాప ఇంకొంచెం వేసేది. ముగ్గురమూ ప్రేమతోనే వేశాం, ఎవరికి వారు తాము ఒక్కరమే వేస్తున్నామని అనుకున్నాం. సంగతి తెలిశాక ఏడు గళ్ళున్న మాత్రల డబ్బా ఒకటి కొని, ఆదివారం ఉదయాన ఆరు గళ్ళలో ఆరు రోజుల మేత పోసి, ఏడో గడి ఖాళీగా వదిలేసేవాడిని. ఎవరు వేసినా ఆ రోజు గడిలోదే వేయాలి, గడి ఖాళీగా ఉంటే అప్పటికే వేసినట్టు. రెండు నిమిషాల్లో చేపలు మిగల్చకుండా తినగలిగినంతే మేత, వారానికి ఒక రోజు పస్తు. పెద్ద చేపలకు దానివల్ల ఏ కష్టమూ రాదు. పుట్టిన పిల్లలు ఉంటే మాత్రం వాటిని వేరే చిన్న తొట్టిలోకి మార్చి రోజూ మేపండి.

మేత తగ్గించిన రోజు నుంచే చేతితో ఏరడం కూడా మొదలుపెట్టాలి, లేకపోతే ఫలితం చాలా ఆలస్యమవుతుంది. రాత్రి పడుకునే ముందు ఒక కీరదోస చక్రాన్నో, వేడి నీళ్ళలో ఒక్క నిమిషం ముంచి తీసిన పాలకూర ఆకునో స్టీలు ఫోర్కుకు గుచ్చి అడుగుకు దించండి. తెల్లవారి దీపం వేయకముందే మెల్లగా పైకి తీస్తే దానికి పట్టుకుని ఉన్న నత్తలన్నీ వచ్చేస్తాయి. మొదటి వారం నేను రోజూ ముప్ఫై, నలభై దాకా తీశాను. ఆ ముక్కను పగలంతా నీటిలో వదిలేయవద్దు, కుళ్ళితే అది మళ్ళీ నత్తలకే మేత అవుతుంది. అద్దం మీది గుడ్ల ముద్దలను పాత ఏటీఎం కార్డు అంచుతో గీకి, వెంటనే పైపుతో పీల్చేయండి. వారానికి ఒకసారి పావు వంతు నీళ్ళు మార్చేటప్పుడు పైపు కొసను ఇసుకలోకి గుచ్చి మురికిని లాగాలి, ట్రంపెట్ పిల్లలు అందులోనే వస్తాయి. ఫిల్టర్ స్పాంజిని కుళాయి నీళ్ళ కింద కడగవద్దు, తొట్టిలోంచి తీసిన నీళ్ళలోనే పిండండి, అప్పుడే అమ్మోనియాను అరికట్టే సూక్ష్మజీవులు నిలుస్తాయి.

నత్తలను తినే చేపలను వేయమని చాలామంది చెప్తారు. వాటి మీద నాకు అంత మక్కువ లేదు, ఎందుకంటే నత్తలు అయిపోయాక ఆ చేప మీ తొట్టిలో ఏళ్ళ తరబడి బతకాలి. లోచ్ చేపలు నత్తలను శ్రద్ధగా తింటాయి గాని అవి గుంపుగానే సుఖంగా ఉంటాయి, రెండడుగుల తొట్టి వాటికి ఇరుకు. మన దగ్గర అమ్మే జీబ్రా లోచ్ పడమటి కనుమల ఏరుల్లో మాత్రమే పుట్టే చేప, దాని మనుగడే ఇప్పుడు ప్రమాదంలో ఉంది. కేరళ నదుల నుంచి వచ్చే పీ పఫర్ బొటనవేలి గోరుకంటే కాస్త పెద్దదిగా ముద్దుగా ఉంటుంది, కానీ గప్పీల పొడవాటి తోకలను కొరికేస్తుంది. తప్పనిసరి అనుకుంటే అసాసిన్ నత్తలు నాలుగైదు వేయండి. అవి ఇతర నత్తలను తింటాయి, చేపల జోలికి పోవు, ఆడా మగా వేరు కాబట్టి నెమ్మదిగానే పెరుగుతాయి. అయితే మేత తగ్గించకుండా వాటిని వేసి ప్రయోజనం లేదు.

ఇకపై కొత్త మొక్క తెచ్చినప్పుడల్లా మూడు, నాలుగు వారాలు విడిగా ఒక బకెట్లో వెలుతురు తగిలేలా ఉంచి, పొదిగి బయటపడిన నత్తపిల్లలను ఏరి, నీళ్ళు మార్చి, ఆ తరువాతే తొట్టిలో నాటండి. పటిక నీళ్ళలో నానబెట్టడం నేనూ చేశాను, పెద్ద నత్తలు రాలిపోయాయి గాని గుడ్ల విషయంలో దాన్ని పూర్తిగా నమ్మలేకపోయాను. అనూబియాస్ వంటి గట్టి ఆకుల మొక్కలు బ్లీచు నీటిని రెండు నిమిషాలు తట్టుకుంటాయి, మీ వాలిస్‌నేరియా మాత్రం తట్టుకోదు.

ఏరిన నత్తలను కాలువలోనో చెరువులోనో వేయవద్దని మిమ్మల్ని ప్రత్యేకంగా కోరుతున్నాను. అక్వేరియంల నుంచి బయటపడిన సక్కర్ చేప ఇప్పుడు మన చెరువుల్లో రైతుల వలలను ఎలా చింపుతున్నదో చూస్తూనే ఉన్నాం. మన నీళ్ళలో సహజంగా ఉండే ఒక రకం రామ్స్‌హార్న్ అయితే పశువులకు ముక్కు గురక వ్యాధి తెచ్చే పరాన్నజీవికి ఆశ్రయమిస్తుంది. చిన్నవాటిని చిదిపి వేస్తే గప్పీలు ఆత్రంగా తింటాయి, పెద్దవాటిని మరిగే నీళ్ళలో వేసి కుండీ మట్టిలో పూడ్చవచ్చు.

ఫలితం తెలుసుకోవడానికి నేను రోజూ రాత్రి పదింటికి టార్చి వేసి ముందు అద్దం మీది నత్తలను మాత్రం లెక్కపెట్టి కాగితం మీద రాసుకునేవాడిని. మొదటి రాత్రి నూట నలభై, నెల తరువాత అరవై చిల్లర, రెండో నెల చివరికి ఇరవైలోపు. ఆ తరువాత ఏరడం మానేశాను. మిగిలినవి నాచునూ రాలిన ఆకులనూ తింటున్నాయి, బాగున్న ఆకుల జోలికి రావడం లేదు. ఒక మధ్యాహ్నం ఇసుకలో ఉండవలసిన ట్రంపెట్ నత్తలన్నీ నీటి అంచు దాకా ఎక్కి వరుసగా నిలబడి ఉంటే మా నాన్నగారు చూసి నాకు ఫోన్ చేశారు. ప్లగ్గు వదులై రాత్రి నుంచీ ఫిల్టర్ ఆగిపోయి ఉందని అప్పుడు తెలిసింది. మీ తొట్టిలో ఎప్పుడైనా పట్టపగలు అవి అలా పైకెక్కితే ఏరడానికి కూర్చోకండి, ముందు ఫిల్టర్ చూసి, పావు వంతు నీళ్ళు మార్చండి.