మాత్రలు మానేస్తానన్నావట

నాన్నా,

ఛాతీ మంటకు వేసుకునే మాత్రలు ఇక ఆపేసి, తిండినీ నిద్రనీ దారిలో పెట్టుకుంటానన్నావని నిన్న మీ అమ్మ ఫోనులో చెప్పింది. చాలా గర్వపడ్డాను. మాత్ర ఉంది కదా అని వేళాపాళా లేకుండా తినేవాళ్లనే చూశాను ఇన్నాళ్లూ. కానీ ఫోను పెట్టేశాక మనసు కుదురుగా లేదు, అందుకే ఈ ఉత్తరం.

నీకు తెలిసినవే ముందు చెప్పేస్తాను. రాత్రి భోజనానికీ పడకకూ మధ్య మూడు గంటల ఎడం ఉండాలి. ఒకేసారి కడుపు బిగుసుకునేలా తినకు. బరువు పెరిగి ఉంటే తగ్గించు, సిగరెట్టు జోలికి వెళ్లకు. ఏది తింటే మంట వస్తోందో రాసుకో. ఎవరో చెప్పారని ఇష్టమైనవన్నీ ఒక్కసారిగా వదిలేసి నోరు కట్టుకోనక్కరలేదు.

నాలుగు తలగడలు పేర్చుకుని పడుకుంటున్నావట, అది మానెయ్. నడుము దగ్గర ఒళ్లు మడతపడి కడుపు మీద ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. మంచం తలవైపు కోళ్ల కింద 15 నుంచి 20 సెంటీమీటర్ల ఎత్తు దిమ్మలు పెట్టు. ఎడమ పక్కకు తిరిగి పడుకో. అప్పుడు కడుపు అన్నవాహిక కంటే దిగువన ఉంటుంది కనుక ఆమ్లం పైకి ఎగదన్నడం తగ్గుతుంది.

ఇక మాత్రల సంగతి. భోజనం అయ్యాక గుర్తొచ్చినప్పుడు వేసుకుంటున్నావని విని కోపం వచ్చింది. ఒమెప్రజోల్, పాంటప్రజోల్ లాంటివి భోజనానికి అరగంట నుంచి గంట ముందు వేసుకుంటేనే సరిగ్గా పనిచేస్తాయి. నెలల తరబడి వాడి హఠాత్తుగా ఆపితే, అణిగి ఉన్న ఆమ్లం కొన్ని వారాలపాటు మునుపటికన్నా ఎక్కువగా ఊరవచ్చు. అప్పుడు నువ్వు జబ్బు ముదిరిందని హడలిపోతావు, లేదా నీ వల్ల కాదని చేతులెత్తేస్తావు. డాక్టరును అడిగి మోతాదు మెల్లగా తగ్గించుకో. అసలు ఆపవచ్చో లేదో కూడా ఆయన్నే అడుగు. కొందరు ఆపకూడదు. మీ పెదనాన్న ఆ కొందరిలో ఒకరు.

ఆయన కథ మీ అమ్మ నీకు పూర్తిగా చెప్పి ఉండదు. ఏళ్ల తరబడి ఆయనకు ఛాతీ మంట. డాక్టరు దగ్గరికి వెళ్లేవారు కాదు, మందుల దుకాణంలో దొరికే, ఆమ్లాన్ని అణిచే తెల్లమందు తాగి సర్దుకునేవారు. కొన్నాళ్లకు మంట దానంతట అదే తగ్గింది. ఇంటిల్లిపాదీ సంతోషించాం. ఆయన భోజనం నెమ్మదించింది కూడా అప్పటినుంచే. ముద్దలు చిన్నవయ్యాయి. ముద్ద ముద్దకూ ఒక గుక్క నీళ్లు. మింగేటప్పుడు గడ్డం కాస్త పైకెత్తి, చూపు ఒకచోట నిలిపి, లోపలికి దిగిందని తెలిశాకే మళ్లీ పళ్లెం వైపు చూసేవారు. గట్టివన్నీ అంచుకు తోసేసేవారు. పళ్లు బాగాలేవేమో అనుకున్నాం. ఎంత నిదానంగా తింటారో అని చుట్టాలు మెచ్చుకున్నారు కూడా.

ఒకరోజు భోజనం మధ్యలో ముద్ద అడ్డంపడింది. నీళ్లు దిగలేదు. చివరికి ఉమ్మి కూడా మింగలేక గిన్నె పట్టుకుని కూర్చున్నారు. ఆసుపత్రిలో ఎండోస్కోపీ చేశారు, అంటే నోట్లోంచి కెమెరా ఉన్న సన్నని గొట్టం దింపి చూశారు. ఆమ్లం ఏళ్లపాటు కాల్చగా, అన్నవాహిక అడుగుభాగం పుండుపడి, మచ్చకట్టి, ఇరుకైపోయింది. ఆ ఇరుకే ఆమ్లాన్ని కూడా కొంత అడ్డుకుని ఉంటుందని, మంట అందుకే తగ్గి ఉండవచ్చని డాక్టరు చెప్పాడు. కాన్సరేమోనని చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. ఫలితం వచ్చేదాకా ఈ ఇంట్లో ఎవరికీ నిద్రలేదు. కాదని తేలింది. తర్వాత విడతలవారీగా బెలూనుతో దారి వెడల్పు చేశారు. మాత్ర మాత్రం ఇప్పటికీ వేసుకుంటూనే ఉన్నారు.

అందుకే నాకు నీ మంటకన్నా నీ మింగుడు గురించే భయం ఎక్కువ. ముద్ద ఎక్కడైనా ఆగినట్టు అనిపిస్తే, ప్రయత్నించకుండానే బరువు తగ్గితే, వాంతిలో రక్తం కనిపించినా, మలం తారులా నల్లగా వచ్చినా, మంట ఎంత తక్కువగా ఉన్నా ఆగకు, వెళ్లి చూపించుకో. నడిచినప్పుడు ఛాతీ బరువెక్కినా, నొప్పి చేతికో దవడకో పాకినా, చెమటలు పట్టినా గ్యాస్ అని తోసిపుచ్చకు. అది గుండె కావచ్చు, ఆ క్షణమే ఆసుపత్రికి వెళ్లాలి. తలనొప్పికీ ఒళ్లునొప్పులకూ ఐబుప్రోఫెన్ లాంటివి సొంతంగా వేసుకోకు, అవి కడుపులో పుండ్లు తెస్తాయి.

నిన్ను భయపెట్టాలని కాదురా. నువ్వు పట్టుదల ఉన్నవాడివి, అనుకున్నది చేస్తావు. ఆ పట్టుదలతో డాక్టరుకు చెప్పకుండా ఏదైనా చేస్తావేమోననే నా బెంగ. ఈ వారంలోనే వెళ్లు. వాడుతున్న మాత్రల పేర్లు, ఎన్నాళ్లుగా వాడుతున్నావో కాగితం మీద రాసుకుని తీసుకెళ్లు. ఆయన ఏమన్నారో ఆ సాయంత్రమే నాకు ఫోను చేసి చెప్పు. రాత్రి వంట పెందలాడే ముగించమని మీ అమ్మతో నేను మాట్లాడతాను.

ఆశీస్సులతో,
పెద్దమ్మ