ఇంటర్ పూర్తయిన అబ్బాయిని ఏడాదిపాటు అంతర్జాతీయ టెన్నిస్ టోర్నీలకు పంపవచ్చా? అక్కడి జీవితం ఎలా ఉంటుంది?

మీ అబ్బాయికి పద్దెనిమిదేళ్లు నిండాయనీ, జాతీయ ర్యాంకింగ్ టోర్నీలలో క్వార్టర్ ఫైనల్స్ దాకా వెళ్తున్నాడనీ, చదువు పక్కనపెట్టి ఒక ఏడాది అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య (ఐటీఎఫ్) టోర్నీలు ఆడతానంటున్నాడనీ రాశారు. ఖర్చెంత, రోజులెలా గడుస్తాయి అని అడిగారు. నేను విజయవాడలో ఆట నేర్చుకుని, ఇరవైల మొదట్లో కొన్నేళ్లు ఆ టోర్నీల వెంట తిరిగి, ఇప్పుడు హైదరాబాద్‌లో పిల్లలకు ఆట నేర్పుతున్నాను. ఖర్చు సంగతి చెబుతాను గానీ, దానికన్నా ముందు మీరు తేల్చుకోవలసిన ప్రశ్న ఒకటుంది. ఓడిపోయిన మర్నాటి నుంచి తర్వాతి టోర్నీ మొదలయ్యే దాకా మీవాడు ఒక్కడే ఏం చేస్తాడు? ఆ జీవితంలో ఎక్కువ రోజులు అవే.

ముందు లెక్క చూద్దాం. ఈ నిచ్చెనలో అన్నిటికన్నా కింది మెట్టు ఎం15. మొత్తం ప్రైజ్ మనీ 15 వేల డాలర్లు కాబట్టి ఆ పేరు వచ్చింది. మెయిన్ డ్రాలో, అంటే అసలు పోటీలో, 32 మంది ఉంటారు. సింగిల్స్ టైటిల్ గెలిచినవాడికి 2,160 డాలర్లు, మొదటి రౌండ్‌లో ఓడినవాడికి 156 డాలర్లు ఇస్తారు. అంటే ఇక్కడి లెక్కలో సుమారు పదమూడు, పద్నాలుగు వేల రూపాయలు, అది కూడా పన్ను కోతకు ముందు. పురుషుల ప్రొఫెషనల్ టెన్నిస్ సంస్థ ఏటీపీ ర్యాంకింగ్ పాయింటు ఒక్కటి రావాలన్నా మెయిన్ డ్రాలో ఒక మ్యాచ్ గెలవాలి. ర్యాంకు లేనివాడు ఆ డ్రాలోకి రావాలంటే నిర్వాహకులు నేరుగా ఇచ్చే వైల్డ్ కార్డు దొరకాలి, లేదా ముందు జరిగే అర్హత మ్యాచ్‌లు (క్వాలిఫయింగ్) దాటాలి. అక్కడ మూడో సెట్ బదులు పది పాయింట్ల మ్యాచ్ టైబ్రేక్ ఆడిస్తారు కాబట్టి గంటన్నర బాగా ఆడినా అయిదు నిమిషాల్లో కథ ముగియవచ్చు. అక్కడ ఓడితే రూపాయి రాదు.

ఇప్పుడు వారాన్ని గమనించండి. మెయిన్ డ్రా సాధారణంగా మంగళవారం మొదలై ఆదివారం ముగుస్తుంది. మొదటి రౌండ్‌లోనే పదహారు మంది, గురువారం రెండో రౌండ్‌లో ఇంకో ఎనిమిది మంది పోతారు. కాబట్టి గురువారం సాయంత్రానికి ముప్పై ఇద్దరిలో ఇరవై నలుగురికి సింగిల్స్‌లో పని ఉండదు. క్వాలిఫయింగ్‌లో ఓడినవాళ్లకు సోమవారానికే వారం అయిపోయినట్టు. ఆ తర్వాత ఎక్కడికి వెళ్లాలి? ఇంటికి వచ్చి మళ్లీ వెళ్లడానికి టికెట్టు డబ్బు చాలదు. అందుకే ట్యునీషియాలో మొనాస్తిర్, టర్కీలో అంటాల్యా, ఈజిప్టులో షర్మ్ ఎల్ షేక్ లాంటి చోట్ల వారం వెంట వారం అదే హోటల్లో టోర్నీలు నడుస్తాయి. ఓడినవాళ్లందరూ అక్కడే పడి ఉంటారు. బయటివాళ్లకు అది సముద్రం పక్కన రిసార్టు. ఆటగాడికి మాత్రం అది గది, భోజనశాల, కోర్టు, మళ్లీ గది.

ఓడిన మర్నాడు కోర్టు దొరకడం కూడా తేలిక కాదు. ఇంకా డ్రాలో ఉన్నవాళ్లకు, ఆ రోజు మ్యాచ్ ఉన్నవాళ్లకు ముందు ప్రాధాన్యం ఉంటుంది. మనకు మిగిలేది తెల్లవారుజామో, చీకటి పడ్డాకో, నలుగురు పంచుకునే ఒక గంట. కోచ్ ఉండడు, ఎందుకంటే ఇంకొకరి విమానం టికెట్టు, గది అద్దె కూడా ఎవరూ భరించలేరు. ఎవరితో ఆడాలో కూడా మనమే వెతుక్కోవాలి. నిన్న మనల్ని 6-3, 6-2తో ఓడించినవాడికే వాట్సాప్‌లో "రేపు పొద్దున ఏడుకు ఆడదామా" అని పంపవలసి వస్తుంది. సిగ్గుపడి ఆ మెసేజ్ పెట్టనివాడు ఆ వారమంతా బంతిని గోడకేసి కొట్టుకోవాలి. ఇంటి దగ్గర అకాడమీలో బంతుల బుట్ట పక్కనే కోచ్ నిలబడి ఉండగా బాగా ఆడే పిల్లలలో చాలామంది ఇక్కడే జారిపోతారని నేను చూశాను.

తర్వాత చిల్లర పనులు ఉంటాయి. అక్కడ రాకెట్‌కు తీగలు బిగించే స్ట్రింగింగ్‌కు డబ్బిచ్చుకుంటూ పోతే రోజు ఖర్చు కన్నా అదే ఎక్కువవుతుంది. అందుకని నా రూమ్మేటూ నేనూ బల్లమీద బిగించే చిన్న మెషీన్‌ను సూట్‌కేసులో మోసేవాళ్లం. రెండు వందల మీటర్ల రీలు కొంటే పదహారు రాకెట్ల దాకా వస్తుంది. చేయి తిరిగాక ఒక రాకెట్‌కు నలభై నిమిషాలు చాలు. మంచం మీద మెషీన్, బాల్కనీలో ఆరేసిన షర్టులు, బకెట్‌లో నానుతున్న సాక్సులు, మా గది ఎప్పుడూ అలాగే ఉండేది. తిండి విషయంలో నాకు బెంగ లేదు, అన్నం ఎక్కడైనా దొరుకుతుంది, అమ్మ కట్టిన కంది పొడి ఉండనే ఉంది.

మధ్యాహ్నాలు ప్రమాదకరం. ఫోన్ తప్ప వేరే లోకం ఉండదు, ఆ ఫోన్‌లోకి వచ్చేవి ఇంటి కబుర్లు మాత్రమే కావు. ఎం15 మ్యాచ్‌లకు కూడా స్కోర్లు అంపైర్ చేతిలోని పరికరం నుంచి అప్పటికప్పుడు బయటికి వెళ్తాయి, వాటిమీద ప్రపంచమంతటా పందాలు కాస్తారు. పది మంది కూడా చూడని మ్యాచ్ ఓడి గదికి వస్తే, ఎక్కడో డబ్బు పోగొట్టుకున్న అపరిచితుడు మన తల్లిదండ్రులను కలిపి తిట్టిన తిట్లు ఇన్‌స్టాగ్రామ్‌లో కనిపిస్తాయి. మొదటిసారి నిద్ర పట్టదు. మీవాడికి ముందే చెప్పి, తెలియనివాళ్ల మెసేజ్‌లు రాకుండా సెట్టింగ్ మార్పించండి. ఒక సెట్ వదిలేస్తే ఇంత ఇస్తామని ఎవరైనా అడిగితే, కాదనడం ఒక్కటే సరిపోదు. అంతర్జాతీయ టెన్నిస్ సమగ్రతా సంస్థ ఐటీఐఏకు తెలియజేయకపోవడం కూడా నేరమే. నమోదు సమయంలో ఆన్‌లైన్ పాఠం చేయిస్తారు, చాలామంది కుర్రాళ్లు చదవకుండా బటన్ నొక్కుకుంటూ పోతారు. మీరు పక్కన కూర్చుని చదివించండి.

వీసాల బాధ మనవాళ్లకు ప్రత్యేకం. మెయిన్ డ్రాలో పేరు ఉందో లేదో టోర్నీకి రెండు వారాల ముందు గానీ తేలదు, యూరప్ దేశాలకు వెళ్లే షెంజెన్ వీసా అపాయింట్‌మెంట్ మాత్రం అంతకు చాలా ముందే తీసుకోవాలి. పక్క గదిలోని స్పెయిన్ కుర్రాడు ఓడిన రాత్రే బస్సెక్కి ఇంకో దేశంలో టోర్నీకి సైన్ ఇన్ చేస్తుంటే మనం పాస్‌పోర్టు చూసుకుంటూ కూర్చోవాలి. తిరుగు టికెట్టు ఏ తేదీకి కొనాలన్నది కూడా జూదమే. ముందే కొంటే బాగా ఆడినప్పుడు మార్పు రుసుము కట్టాలి, ఆలస్యంగా కొంటే ధర రెట్టింపవుతుంది.

ఇక డబ్బు. 2023లో మన దేశపు నంబర్ వన్‌గా ఉన్న సుమిత్ నాగల్ తన ఖాతాలో 900 యూరోలే మిగిలాయని బాహాటంగా చెప్పాడు. కొన్ని నెలలకే, 2024 ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో సీడెడ్ ఆటగాడు బుబ్లిక్‌ను ఓడించి, ఆ ఒక్క విజయంతో లక్షా ఎనభై వేల ఆస్ట్రేలియా డాలర్లు ఖాయం చేసుకున్నాడు. మధ్యలో మెట్లు తక్కువ, అంతరం విపరీతం. 2024 నుంచి ఏటీపీ కనీస ఆదాయ హామీ ఇస్తోంది, కానీ అది ర్యాంకింగ్‌లో మొదటి 250 మందికే. ఎం15 ఆడే కుర్రాడికి హామీ ఇచ్చేది ఇంట్లోవాళ్లే. మా ఇంట్లో అది నాన్నగారి పీఎఫ్.

నా అభిప్రాయం అడిగారు కాబట్టి చెబుతున్నాను. ఏడాది అని ఒకేసారి ఒప్పుకోకండి. మూడేసి వారాల దఫాలుగా పంపండి, మొదటి దఫా మన దేశంలోనే పెట్టండి. కర్ణాటకలో కలబురగి, ధార్వాడ లాంటి ఊళ్లలో టోర్నీలు జరిగిన సంవత్సరాలున్నాయి. రైల్లోనే వెళ్లిరావచ్చు, వీసా గొడవ ఉండదు, వైల్డ్ కార్డు ఆశ కూడా కొంత ఉంటుంది. తర్వాతి దఫాకు థాయిలాండ్ నయం. డబుల్స్ తప్పక ఆడించండి. సింగిల్స్ పోయాక వారంలో ఇంకో రెండు మూడు అసలైన మ్యాచ్‌లు దొరికే మార్గం అదొక్కటే. హైదరాబాద్‌కు చెందిన రిత్విక్ చౌదరి బొల్లిపల్లి డబుల్స్‌నే నమ్ముకుని, 2024లో కజకిస్థాన్‌లోని ఆల్మటీలో అర్జున్ కాధేతో కలిసి ఏటీపీ టైటిల్ గెలిచాడు.

చదువు పూర్తిగా వదలవద్దు. ఉయ్యూరులో పుట్టిన సాకేత్ మైనేని అమెరికాలో అలబామా విశ్వవిద్యాలయానికి ఆడి, ఆ తర్వాతే పూర్తిస్థాయి ప్రొఫెషనల్ అయ్యాడు. 2016లో క్వాలిఫయింగ్ గెలిచి యూఎస్ ఓపెన్ మెయిన్ డ్రా ఆడాడు. కాలేజీ జట్టులో కోచ్, ఫిజియో, కోర్టు, భోజనం అన్నీ ఉంటాయి, ఓడిన మర్నాడు కూడా పక్కన మనుషులు ఉంటారు. అయితే ఇంటర్ తర్వాత ఎక్కువ కాలం ఆగితే అక్కడ ఆడే అర్హత తగ్గిపోతుంది, ప్రైజ్ మనీ మీద కూడా షరతులున్నాయి, ఆ నియమాలు మారుతూ ఉంటాయి. కాబట్టి మొదటి టోర్నీకి ఎంట్రీ పంపకముందే రెండు మూడు కాలేజీల కోచ్‌లకు ఈమెయిల్ రాసి కనుక్కోవడం మేలు.

మొదటి మూడు వారాల్లో ఫోన్ చేసినప్పుడు స్కోరు అడగకండి, అది మీకు ఐటీఎఫ్ సైట్‌లోనే కనిపిస్తుంది. ఓడాక రోజు ఎలా గడిచిందో, ఎవరితో ప్రాక్టీస్ చేశాడో, కోర్టు ఎన్నింటికి దొరికిందో అడగండి. తిరిగొచ్చాక అతను చెప్పినవీ, డ్రా షీట్లూ ఇక్కడే రాస్తే తర్వాతి దఫా ఎక్కడ పెట్టాలో నాకు తోచింది చెబుతాను. కాలేజీ దరఖాస్తుల పని మాత్రం అప్పటిదాకా ఆపకండి.