నగలు కుదువ పెట్టే ముందు ఒకసారి తరమణి వెళ్లి రండి

పెరంబూరు నుంచి ఒక తల్లి రాశారు. అమ్మాయి చెన్నైలోనే బీఎస్సీ కెమిస్ట్రీ చివరి సంవత్సరం చదువుతోంది. వేసవిలో ఆరు వారాలు ఒక ప్రయోగశాలలో క్షార పొర ఫ్యూయల్ సెల్స్ మీద పనిచేసి వచ్చింది. అప్పటినుంచి ఎమ్మెస్సీ, ఆపైన పీహెచ్‌డీ అంటోంది. తండ్రి మాత్రం 'గ్రీన్ హైడ్రోజన్' పేరుతో ఒక ప్రైవేటు సంస్థ నడిపే ఏడాది డిప్లొమాలో చేర్పించాలని పట్టుబట్టారు. ఫీజు మూడున్నర లక్షలు, తల్లి నగలు కుదువ పెట్టి కట్టాలి. ఉద్యోగం ఖాయమట. ఇంతలో బంధువొకరు "ఆమ్ల పొర సెల్స్‌కే మార్కెట్ ఉంది, ఈ క్షారం ఇంకా ప్రయోగశాల గడప దాటలేదు" అన్నారు. ఏ దారి మంచిదో పోల్చి చెప్పమని ఆమె అడుగుతున్నారు.

అమ్మా, పోల్చి చెబుతాను. కానీ మీ అసలు ప్రశ్న ఉత్తరం అడుగున ఉంది: "ఇరవై ఎనిమిదేళ్లు వచ్చేదాకా చదివి, తీరా ఆ టెక్నాలజీయే నిలబడకపోతే పిల్ల గతి ఏమిటి?" ఈ భయం నా దగ్గరికి ఏటా వస్తుంది. టెక్నాలజీ పేరు మాత్రమే మారుతుంటుంది.

మీ బంధువు మాటలో నిజముంది. రెండు రకాల సెల్స్‌లోనూ హైడ్రోజన్, ఆక్సిజన్ కలిసి నీరూ కరెంటూ ఇస్తాయి. ఆమ్ల పొరలో ప్రోటాన్లు దాటుతాయి, ఆ ఆమ్లాన్ని తట్టుకుని చర్యను వేగంగా నడపడానికి ఖరీదైన ప్లాటినం ఉత్ప్రేరకంగా కావాలి. క్షార పొరలో హైడ్రాక్సైడ్ అయాన్లు ఆక్సిజన్ వైపు నుంచి హైడ్రోజన్ వైపు వస్తాయి. అక్కడ నికెల్, ఇనుము, కోబాల్ట్, వెండి వంటి వాటికి చోటు దొరుకుతుంది. ఆశంతా దాని మీదే. అయితే క్షారంలో హైడ్రోజన్ వైపు చర్య ప్లాటినం మీద కూడా మందగిస్తుంది. అందుకే మంచి ఫలితాలు చూపిన చాలా సెల్స్‌లో ఆ వైపు ప్లాటినం, రుథేనియం మిశ్రమమే ఉంటుంది. నీటి లెక్క ఇంకా కష్టం. ఒక్కో హైడ్రోజన్ అణువుకు ఆనోడ్ దగ్గర, అంటే హైడ్రోజన్ వైపు, రెండు నీటి అణువులు పుడతాయి; క్యాథోడ్ దగ్గర, అంటే ఆక్సిజన్ వైపు, ఒకటి ఖర్చవుతుంది. ఒక వైపు ముంపు, మరో వైపు ఎండుదల. ఎండిన చోట నీళ్ల తోడు తగ్గిన హైడ్రాక్సైడ్ పొరలో తనను మోసే ధనావేశ భాగాలనే, అంటే క్వాటర్నరీ అమోనియం సమూహాలనే, విరగ్గొడుతుంది. పొర పాడయ్యేది చాలావరకు ఇలాగే.

గాలితో ఇంకో పేచీ ఉంది. అందులోని కార్బన్ డయాక్సైడ్ పొరలోని హైడ్రాక్సైడ్‌ను కార్బొనేట్‌గా మార్చేస్తుంది. ఒక విద్యార్థిని నాకు దగ్గరుండి చూపించింది. అరచేతిలో సగం ఉన్న పొర ముక్క, పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణం, మూత బిగించిన డబ్బా. పట్టకారుతో తీసి, కడిగి, నత్రజని పంపుతున్న నీళ్లలో వెంటనే వేసింది. "కాస్త ఆగమ్మా, చూస్తాను" అంటే ఆగలేదు. "గాలిలో ఉంటే నిమిషాల్లో కార్బొనేట్ అవుతుంది సార్" అంది. అపోలో నౌకల్లోని ఆల్కలైన్ సెల్స్‌కు పొర లేదు, ద్రవ క్షారమే. శుద్ధ ఆక్సిజన్ అందింది కాబట్టి వాటికి ఈ బాధ తప్పింది.

మీ అమ్మాయి ఆ ఆరు వారాల్లో నేర్చుకున్నది ఒక సరుకు పేరు మాత్రమే అనుకోకండి. అయాన్లు పొరలో ఎంత సులువుగా కదులుతున్నాయో కొలవడం, పాలిమర్‌ను చెడగొట్టేదేమిటో వెతకడం, ఉత్ప్రేరకాన్ని సమంగా పూయడం... ఇవి బ్యాటరీల దగ్గరా, నీటి శుద్ధి దగ్గరా అక్కరకొచ్చే పనులు. ఇదే జాతి పొరను నీటి నుంచి హైడ్రోజన్ తీసే ఎలక్ట్రోలైజర్లలోనూ వాడుతున్నారు. క్షార ఫ్యూయల్ సెల్ రేపు బజారుకు రాకపోయినా ఈ చేతిపని ఎక్కడికీ పోదు. నిశ్చింతగా ఉండండి.

నాకు బెంగగా ఉన్నది ఆ డిప్లొమా గురించే. 2023 జనవరిలో కేంద్రం 19,744 కోట్లతో జాతీయ గ్రీన్ హైడ్రోజన్ మిషన్‌ను ఆమోదించింది. 2030 నాటికి ఏటా 50 లక్షల టన్నుల ఉత్పత్తి సామర్థ్యం లక్ష్యం. అది హైడ్రోజన్ లెక్క. డిప్లొమా వారి కరపత్రంలో దాన్నే ఉద్యోగాల లెక్కలా అచ్చువేశారు. ప్లాంటు కట్టేవారికి కెమికల్, ఎలక్ట్రికల్, మెకానికల్ పునాది ఉన్నవారు కావాలి. భద్రత తెలిసినవారు కావాలి. ఏడాది శిక్షణ ఆ పునాది మీద పై అంతస్తు కావచ్చు, పునాదికి బదులు కాలేదు. మీరు పంపిన ఆ కరపత్రం ఎనిమిది పేజీలూ చదివాను. ప్రయోగశాల ఫొటో ఒక్కటి లేదు, పాఠం చెప్పేవారి పేరు ఒక్కటి లేదు. నిరుటి విద్యార్థులు ఎక్కడ చేరారో రాతపూర్వకంగా ఇమ్మని అడిగారా?

మీవారికి కోపం వచ్చినా చెప్పక తప్పదు. కుదువకు వెళ్లేవి మీ నగలు, చదవాల్సింది అమ్మాయి, నిర్ణయం మాత్రం ఆయనది. ఇదేం పద్ధతి? మీరైనా నాలుగు పేజీలు రాశారు, ఆ ప్రయోగశాలలో పిల్లకు ఏ పని నచ్చిందో ఒక్క వాక్యం రాయలేదు. ఇరవై ఎనిమిదేళ్ల లెక్క వెనక పెళ్లి బెంగ ఉందని నాకు తెలుసు. దాన్ని టెక్నాలజీ మీదకు నెట్టకండి, విడిగా కూర్చుని మాట్లాడుకోండి.

ఇక పోలిక. ముందు ఎమ్మెస్సీ, అందులో ఎలక్ట్రోకెమిస్ట్రీ, పాలిమర్లు గట్టిగా చదవాలి. ఆమ్లమా క్షారమా అన్నది ఇరవై ఏళ్లకే తేల్చుకోనక్కర్లేదు. పీహెచ్‌డీ సంగతి రెండేళ్ల తర్వాత. జేఆర్‌ఎఫ్ (పరిశోధక విద్యార్థులకిచ్చే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) తెచ్చుకుంటే నెలకు 37,000 వస్తుంది, మీ నగల జోలికి పోనక్కర్లేదు. పరిశోధనలో నెలల తరబడి పొరలు చెడిపోతూనే ఉంటాయి. ఆ ఓపిక తనకు ఉందో లేదో ఎమ్మెస్సీ ప్రాజెక్టులో తనకే తెలుస్తుంది.

చెన్నై తరమణిలో ఐఐటీ మద్రాస్ రీసెర్చ్ పార్కులో కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థ ఏఆర్‌సీఐ వారి ఫ్యూయల్ సెల్ కేంద్రం ఉంది. కారైకుడిలోని కేంద్ర ఎలక్ట్రోకెమికల్ పరిశోధన సంస్థ సీఈసీఆర్‌ఐకి చెన్నై విభాగమూ తరమణిలోనే ఉంది. ముందుగా ఈమెయిల్ రాసి అనుమతి తీసుకుని, మీరూ మీవారూ అమ్మాయితో కలిసి వెళ్లండి. అక్కడ ఆనోడ్ వైపు నీళ్లు ఎందుకు నిండుతాయో తననే వివరించమనండి, ఆయన పక్కనుండి వినాలి. డిప్లొమా వారు నెలాఖరులోగా ముందస్తు సొమ్ము కట్టమన్నారని రాశారు. కట్టకండి.