యాంటీబయాటిక్స్ వాడాక మేకపాలు మంచివేనా? నా అనుభవం

యాంటీబయాటిక్స్ కోర్సు అయ్యాక మీ అమ్మగారికి పాలు పడట్లేదని, మేకపాలు తాగితే పేగుల్లో మంచి బాక్టీరియా పెరుగుతుందంటే నిజమేనా అని అడిగారు. రెండేళ్ల కింద నాదీ ఇదే బాధ. టైఫాయిడ్ తగ్గింది గానీ, గ్లాసు బర్రెపాలు తాగితే గంటలో కడుపు డప్పులా ఉబ్బేది.

మా అత్తమ్మది నర్సంపేట దగ్గర ఊరు. "బర్రెపాలు బంద్ పెట్టు బిడ్డా, మేకపాలు తాగు" అంది. మేముండేది హన్మకొండలో. మా ఆయన ధర్మసాగర్ వైపు మేకలు కాసే ఒకాయన దగ్గర రోజూ పొద్దున అర లీటరు తెచ్చేవాడు. (డెంగీ సీజన్లో మేకపాలకు ఎంత గిరాకీయో! వాటితో ప్లేట్‌లెట్లు పెరుగుతాయనడానికి మాత్రం గట్టి ఆధారమేమీ లేదు.)

వారానికి కడుపులో బరువు తగ్గింది, గ్యాస్ మాత్రం తగ్గలేదు. ఎందుకంటే బర్రెపాలలో కొవ్వు దాదాపు 7 శాతం, మేకపాలలో 4 శాతం. పైగా మేకపాలు పొట్టలో మెత్తగా విరుగుతాయి. లాక్టోజ్ (పాలలో ఉండే చక్కెర) మాత్రం 100 మిల్లీలీటర్లకు 4 గ్రాముల పైనే ఉంటుంది, ఆవుపాల కన్నా కాస్తే తక్కువ. జబ్బు చేసి పేగు లోపలి పొర దెబ్బతింటే ఆ లాక్టోజ్ కొన్నాళ్లు సరిగా అరగదు. అరగనిది పెద్దపేగులో పులిసి గ్యాస్ అవుతుంది.

అప్పుడు అత్తమ్మ ఆ పాలనే కాచి తోడేసింది. పొద్దున గిన్నె వంచితే పెరుగు గడ్డగా నిలవకుండా జారిపోయింది. పాడైందనుకున్నాను. మేకపెరుగు అంతేనట. దాన్నే సల్ల చేసి జొన్న గటకలో పోసుకున్నాను. ఐదారు రోజులకు ఉబ్బరం పోయింది. తోడులోని బాక్టీరియా కొంత లాక్టోజ్‌ను ముందే తినేస్తుంది కదా. బర్రెపెరుగు సల్లతో అయినా తగ్గేదేమో, లేక అప్పటికి నెల దాటింది కాబట్టి పేగే కోలుకుందేమో. క్రెడిట్ అంతా మేకకే ఇవ్వలేను.

ఇక మంచి బాక్టీరియా సంగతి. బిఫిడో రకానికి మేతలా పనికొచ్చే ఆలిగోశాకరైడ్లు (ఒక రకం చక్కెరలు) మేకపాలలో ఆవుపాల కన్నా ఎక్కువే. కానీ తల్లిపాలతో పోలిస్తే చాలా తక్కువ. పరిశోధనలు కూడా ఎక్కువగా ల్యాబుల్లో, జంతువుల మీద జరిగినవే. అందుకే మీ అమ్మగారికి పాలకన్నా ముందు సల్లే మొదలుపెట్టమంటాను.

పచ్చిపాలు మాత్రం వద్దు, పశువుల నుంచి సోకే బ్రూసెల్లా జ్వరం రావచ్చు. పొంగు వచ్చేదాకా కాచాలి. ఇంట్లో ఏడాదిలోపు పిల్లలుంటే వాళ్లకు మేకపాలు పట్టకండి, ఫోలేట్ (ఒక బి విటమిన్) చాలక రక్తహీనత రావచ్చు. ఆవుపాల ప్రొటీన్‌తో అలర్జీ ఉన్నవాళ్లకు మేకపాలూ చాలావరకు పడవు. అమ్మగారికి విరేచనాలు ఆగకపోయినా, రక్తం పడినా పాల సంగతి పక్కనపెట్టి డాక్టర్‌కు చూపించండి.

పాలు మరీ వాసనొస్తుంటే, మేకపోతును కూడా అదే దొడ్లో కట్టేస్తున్నారేమో అడగండి. మాకు పాలుపోసే ఆయన దాన్ని వేరే కట్టేశాకే నేను ముక్కు మూసుకోకుండా తాగగలిగాను.